పప్పు ఉడికిన నీళ్లన్నీ మంచి నీళ్లు కావు

ప్రకాశం మెట్టలో కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి వైపు కొత్త బోరు పడితే, నీళ్లు మంచివో కావో తేల్చుకోవడానికి ఇళ్లలో చేసే పరీక్ష ఒకటుంది. ఆ నీళ్లు పోసి కందిపప్పు పొయ్యి మీద పెడతారు. మెత్తగా ఉడికితే మంచి నీళ్లు, ఎంతసేపటికీ పలుకు పోకపోతే చెడ్డ నీళ్లు. నీటి కాఠిన్యం తెలుసుకోవడానికి ఇది పనికొచ్చే పరీక్షే. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు.

ఫ్లోరైడ్ విషయంలో మాత్రం ఇదే పరీక్ష మోసం చేస్తుంది. ఫ్లోరైడ్, కాల్షియం కలిస్తే నీళ్లలో సరిగా కరగని పదార్థం తయారవుతుంది. అందుకే కాల్షియం దండిగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి నిలవలేదు. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో దానికి ఆ అడ్డు ఉండదు. సోడియం బైకార్బొనేట్ అంటే వంటసోడాయే, పప్పును తొందరగా మెత్తబరిచేదీ అదే. కాబట్టి నోటికి తియ్యగా ఉండి, పప్పు ఇట్టే ఉడికే బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు, మన నీళ్లలో ఉండే మోతాదులో రుచి కూడా తెలియదు.

ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే జబ్బే ఫ్లోరోసిస్. దాని గురించి ఈ ప్రాంతంలో జనం అడిగే ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఒకే ఊళ్లో ఒకరికి వచ్చి మరొకరికి రాదెందుకు, కాచి తాగితే పోతుందా, ఇది వంశపారంపర్యమా, కిడ్నీలు పోవడం దీనివల్లేనా, క్యాను నీళ్లు తాగుతున్నా నొప్పులు తగ్గవేం? వీటిలో చాలావాటికి జవాబు ఒకే లెక్కలో ఉంది. ఒంట్లో చేరే ఫ్లోరైడ్ ఎంతో తెలియాలంటే ల్యాబు చీటీ మీద అంకె ఒక్కటే చాలదు. దాన్ని రోజూ కడుపులోకి పోయే లీటర్లతో, తాగిన ఏళ్లతో గుణించాలి. అందులోంచి మూత్రపిండాలు బయటికి పంపింది తీసేయాలి. మిగిలింది ఎముకల్లో చేరుతుంది.

రాతిలో ఉన్నది బిందెలోకి ఎలా వస్తుంది

ఈ మెట్ట కింద ఉన్నది గ్రానైటు, నైస్ వంటి గట్టి రాయి. అందులోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది. వాన నీరు రాతి పగుళ్లలోకి దిగి ఏళ్లకేళ్లు అక్కడే నిలిచి ఉంటే ఆ ఖనిజాలు కొద్దికొద్దిగా కరుగుతాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన చోట కొత్త నీరు దిగడం తక్కువ, ఉన్న నీరు చిక్కబడటం ఎక్కువ. పశ్చిమ ప్రకాశం, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు ఉన్న పరిస్థితి ఇదే.

ఒక బోరులో ఉండి పక్క బోరులో ఎందుకు లేదంటే, గట్టి రాయిలో నీరు ఇసుకలో మాదిరి ఒకే పొరగా పరుచుకుని ఉండదు. ఏ పగులు దారి దానిదే. వంద గజాల దూరంలో ఉన్న రెండు బోర్లు వేర్వేరు పగుళ్ల నుంచి నీళ్లు తోడుతుంటే ఒకదాంట్లో లీటరుకు 1 మిల్లీగ్రాము, ఇంకోదాంట్లో 4 ఉండటం వింతేమీ కాదు. లోతుకు పోయేకొద్దీ నీరు రాతితో గడిపిన కాలం పెరుగుతుంది కాబట్టి లోతు బోర్లలో ప్రమాదం ఎక్కువ. బోరును ఇంకా కిందికి దించితే మంచి నీళ్లు పడతాయన్న ఆశ ఇక్కడ బెడిసికొడుతుంది.

గ్రానైటు క్వారీల వల్లో, పొలాల్లో వేసే ఎరువుల వల్లో ఇది వచ్చిందని కొందరు అనుకుంటారు. కాలాన్ని చూస్తే ఆ మాట నిలవదు. 1930ల మొదట్లోనే ఈ ప్రాంతపు రైతులు ఎద్దులు కాడి లాగలేక, కాళ్లు పట్టేసి నడవలేకపోవడం గమనించారు. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయనతో పనిచేసిన వైద్యులు, నీటి రసాయన నిపుణులు కలిసి నెల్లూరు జిల్లాలో మనుషులకు వచ్చిన ఎముకల ఫ్లోరోసిస్‌ను వర్ణించారు. భారతదేశంలో ఈ వ్యాధి మీద వచ్చిన తొలి వైద్య పరిశోధనల్లో అదొకటి. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడినప్పుడు అవి అందులోకి వచ్చాయి. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడతగా తీసుకున్న అయిదు జిల్లాల్లో నెల్లూరు ఉంది.

ఎంత ఉంటే ప్రమాదం

భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5. స్థూలంగా, ఆ హద్దు దాటితే పిల్లల పళ్ల మీద మచ్చలు, 3 నుంచి 6 మధ్య ఏళ్ల తరబడి తాగితే ఎముకల మీద ప్రభావం, 10 దాటితే అవిటితనం అని చెబుతారు.

ఈ హద్దులను మన ఎండలో యథాతథంగా నమ్ముకోకూడదు. రోజుకు మొత్తం 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరుగుతుందని, 14 దగ్గరికి చేరితే హాని ఖాయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇప్పుడు లీటరుకు 3 మిల్లీగ్రాములున్న ఒకే బోరు నీళ్లు తాగే ఇద్దరిని తీసుకుందాం. నీడపట్టున కూర్చుని పనిచేసే మనిషి రోజుకు 2 లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 6 మిల్లీగ్రాములు. మే నెలలో ఉపాధి పనికో, పొగాకు బేరన్ దగ్గరికో వెళ్లే కూలీ 5 లీటర్లు తాగితే 15. నీళ్లు ఒకటే, చీటీ మీద అంకె ఒకటే. ఒకరు అంచున ఉన్నారు, మరొకరు పూర్తిగా ప్రమాదంలో ఉన్నారు. ఒకే ఊళ్లో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం తిండి. ఖాళీ కడుపుతో తాగిన నీటిలోని ఫ్లోరైడ్ దాదాపు మొత్తం రక్తంలోకి వెళ్తుంది. పాలు, పెరుగు వంటి కాల్షియం ఉన్న తిండితో కలిసి వెళ్తే కొంత భాగం కడుపులోనే కాల్షియంతో ముడిపడి మలంలో పోతుంది. చారూ అన్నంతో పూట గడిచే ఇంట్లో ఆ రక్షణ ఉండదు. మూడోది మూత్రపిండాలు. రక్తంలోకి చేరినదాంట్లో పెద్దవాళ్లలో దాదాపు సగం ఎముకల్లో దిగబడుతుంది, మిగతాది మూత్రంలో పోతుంది. ఎముక పెరిగే వయసు పిల్లల్లో నూటికి 80 వంతుల దాకా ఎముకల్లోనే ఉండిపోవచ్చు. మూత్రపిండాలు బలహీనపడిన మనిషిలోనూ బయటికి పోయేది తగ్గి లోపల నిలిచేది పెరుగుతుంది.

ఇది అంటువ్యాధి కాదు. తండ్రికి, కొడుక్కి, మనవడికి ఒకే తీరుగా గార పళ్లు ఉంటే అది రక్తంలో వచ్చింది కాదు, ఒకే బిందెలోంచి వచ్చింది. ఈ మాట గట్టిగా చెప్పుకోవాల్సిన అవసరం ఉంది. ఎందుకంటే పళ్ల మచ్చలు చూసి పెళ్లి సంబంధాలు వదులుకునే వాళ్లు ఇంకా ఉన్నారు. ఆ అమ్మాయికి పుట్టే బిడ్డ మంచి నీళ్లు తాగి పెరిగితే పళ్లు తెల్లగానే వస్తాయి.

పళ్లు బాగున్నాయి కదా, ఎముకలకు ఏం కాదా

పంటి మీది పింగాణీ పొర తయారయ్యేటప్పుడే ఫ్లోరైడ్ దాన్ని చెడగొట్టగలదు. అంటే పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల దాకా. ముందు పళ్లకు మరీ ముఖ్యమైనవి మొదటి నాలుగేళ్లు. ఆ తర్వాత ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా పళ్ల మీద కొత్త మచ్చలు రావు. ఎముకల సంగతి వేరు. అవి జీవితాంతం కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటాయి కాబట్టి ఏ వయసులో మొదలుపెట్టినా ఫ్లోరైడ్ వాటిలో చేరుతూనే ఉంటుంది.

డెల్టా ఊరి నుంచి ఇరవై ఏళ్లకు కోడలిగా వచ్చిన ఆమె పళ్లు ముత్యాల్లా ఉంటాయి. అవి చూసి ఆమెకు ఫ్లోరైడ్ సమస్య లేదనుకోవడం పొరపాటు. పదిహేనేళ్లు అవే బోరు నీళ్లు తాగాక నడుం పట్టేస్తే వైద్యుడు కూడా పళ్లు చూసి దారి తప్పే ప్రమాదం ఉంది. దీనికి తిరగేసిన కేసూ ఉంటుంది. చిన్నప్పుడు ఊళ్లో పెరిగి, పదో ఏట నెల్లూరు హాస్టలుకు వెళ్లిన అబ్బాయికి గార పళ్లు జీవితాంతం ఉంటాయి, ఎముకలు మాత్రం బాగానే ఉండవచ్చు.

ఫ్లోరైడ్ మచ్చకీ, పొగాకు, వక్కాకు గారకీ తేడా గుర్తుపట్టడం కష్టం కాదు. ఫ్లోరైడ్ మచ్చలు కుడి ఎడమల జంట పళ్ల మీద ఒకే తీరుగా, అడ్డంగా చారల్లా ఉంటాయి. మొదట సుద్దలా తెలుపు, తర్వాత పసుపు, గోధుమ రంగు. ముదిరితే పింగాణీ గుంటలు పడి రాలుతుంది. అది పంటిలోనే ఉన్న రంగు కాబట్టి తోమితే పోదు. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు వేసి రుద్దితే ఉన్న పింగాణీ కూడా అరిగిపోతుంది. వక్కాకు గార చిగురు అంచుల్లో, పళ్ల సందుల్లో పడుతుంది. దంత వైద్యులు గీకితే వస్తుంది.

ఎముకల్లో జరిగేది వేరు. ఫ్లోరైడ్ ఎముకలోని ఖనిజంలో ఒక భాగాన్ని తోసేసి ఆ చోట తాను కూర్చుంటుంది. ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది. ఎముక మందంగా తయారవుతుంది కానీ నాణ్యత తగ్గుతుంది. కండరాలను ఎముకకు, ఎముకను ఎముకకు కట్టి ఉంచే నరాల్లాంటి బంధాలు కూడా గట్టిపడి ఎముకల్లా మారతాయి. మెడ, వెన్ను కదలికలు తగ్గడం, నడుం ముందుకు వంగిపోవడం అందుకే. వెన్నెముక లోపలి సందు ఇరుకైతే వెన్నుపాము నలిగి కాళ్లలో తిమ్మిరి, బలహీనత మొదలవుతాయి. పిల్లల్లో కాల్షియం, విటమిన్ డి లోపం కూడా తోడైతే మోకాళ్లు రెండూ లోపలికి వంగి రాసుకోవడమో, దొడ్డికాళ్లు కావడమో జరుగుతుంది. 1970ల్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ ప్రాంతంలో ఈ మోకాళ్ల వంకరను గుర్తించి, నీటితో పాటు పోషణకూ ఇందులో పాత్ర ఉందని చూపారు.

ఇంట్లోనే గమనించుకోగల మూడు కదలికలున్నాయి. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలి వేళ్లు తాకడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ ఎత్తి తల వెనక వేళ్లు కలపడం. నలభై లోపు వయసులో, దెబ్బలేమీ తగలకుండా, ఇవి చేయలేకపోతుంటే ఫ్లోరోసిస్‌ను అనుమానించాలి. అనుమానమే, నిర్ధారణ కాదు. నిర్ధారణకు ముంజేయి, కటి ఎక్స్‌రేలు, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, తాగే నీటి పరీక్ష మూడూ కలిపి చూడాలి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి ఎక్స్‌రేలో ముళ్లలా కనిపించడం దీనికి మంచి ఆనవాలు. ఫ్లోరైడ్ ఊరు కదా అని ప్రతి మోకాలి నొప్పినీ దీని ఖాతాలో వేయకూడదు. అరిగిన కీళ్లు, కీళ్లవాతం, విటమిన్ డి లోపం, థైరాయిడ్ వీటన్నిటికీ వేర్వేరు వైద్యం ఉంది.

కిడ్నీలు పోవడం ఫ్లోరైడ్ వల్లేనా

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం వైపు ఉద్దానం పేరు విన్నప్పటి నుంచి కనిగిరి వైపు కూడా ఇదే భయం. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లే మూత్రపిండాలను చెడగొడుతున్నాయని ఖాయంగా చెప్పడానికి తగిన ఆధారం లేదు. షుగరు, బీపీ, ఎండలో నీళ్లు సరిగా తాగకుండా చేసే కష్టం, మందుల వాడకం, ఇలా మూత్రపిండాల జబ్బుకు దారులు చాలా ఉన్నాయి. తిరగేసి చూస్తే మాత్రం సంబంధం స్పష్టం. మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషికి ఫ్లోరైడ్ నీళ్లు ఇంకా ఎక్కువ హాని చేస్తాయి.

ఈ రెంటినీ కలిపే మూడో ముడి ఒకటి ఉంది, అదే అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో చీటీ లేకుండా దొరికే డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ఊళ్లో వేయించుకునే సూదులు. ఫ్లోరోసిస్ నొప్పి వారం పది రోజుల్లో పోయేది కాదు కాబట్టి ఈ మాత్రలు నెలలు, ఏళ్ల తరబడి మింగుతారు. ఎండలో ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు ఇవి మూత్రపిండాలకు రక్తసరఫరా తగ్గించి వాటిని దెబ్బతీస్తాయి. మూత్రపిండాలు నెమ్మదిస్తే ఫ్లోరైడ్ బయటికి పోదు, ఎముకల్లో ఇంకా పేరుకుంటుంది, నొప్పి పెరుగుతుంది, ఇంకో మాత్ర పడుతుంది. ఇలా ఏడాదికి పైగా మాత్రలు వాడుతున్న వాళ్లు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు ఈ నెలలోనే చేయించుకోవాలి. అవి ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా చేసే మామూలు పరీక్షలే.

కాచితే, వడబోస్తే, రాగి బిందెలో పోస్తే

నీళ్లు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోదు. పైగా ఆవిరిగా పోయేది నీరే కాబట్టి మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ యంత్రం, మామూలు బొగ్గు ఫిల్టరు, రాగి బిందె, మట్టి కుండ, బ్లీచింగు ఇవేవీ ఫ్లోరైడ్‌ను తీయవు. మునగ గింజలు, తులసి ఆకులు వేసి తీసేయవచ్చన్న మాటలను నమ్మి పిల్లలకు ఆ నీళ్లు పట్టకూడదు.

పటిక విషయం కొంచెం విడమరచి చెప్పాలి. ఎందుకంటే పటికతో ఫ్లోరైడ్ తీయడం శాస్త్రీయంగా నిజం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్గొండ పద్ధతి అదే. కానీ బురద నీళ్లు తేర్చడానికి బిందెలో పటిక గడ్డ నాలుగుసార్లు తిప్పితే ఫ్లోరైడ్ పోదు, ఆ మోతాదు దానికి ఏ మూలకూ రాదు. లీటరుకు ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములు, క్షారత (నీళ్లు పుల్లబడకుండా తట్టుకునే గుణం) 300 ఉన్న నీటికి లీటరుకు సుమారు 350 మిల్లీగ్రాముల పటిక కావాలి. అంటే 40 లీటర్ల బకెట్టుకు 14 గ్రాములు. ముందుగా అందులో ఇరవయ్యో వంతు సున్నం కలపాలి. పటికను నీళ్లలో కరిగించి పోసి, ఒక నిమిషం వేగంగా, తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా కలియబెట్టి, గంటసేపు కదపకుండా ఉంచాలి. మబ్బులా ఏర్పడిన తెట్టు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైతేట మాత్రమే తీసుకోవాలి. బకెట్టు కదిలితే తెట్టు మళ్లీ నీళ్లలో కలుస్తుంది. క్షారత చాలని నీళ్లలో ఇదే మోతాదు వేస్తే నీళ్లు పుల్లబడి అల్యూమినియం కరిగి మిగిలిపోతుంది. నీటి పరీక్ష చీటీ చేతిలో లేకుండా, తూకం లేకుండా ఈ పద్ధతి ఇళ్లలో చేయడం మంచిది కాదు. ఊరి మొత్తానికి, లెక్క తెలిసిన మనిషి దగ్గరుండి నడిపిస్తేనే ఇది నిలబడుతుంది.

ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నది ఆర్వో ప్లాంటు, అంటే నీటిని ఒత్తిడితో సన్నని పొర గుండా పంపి శుద్ధి చేసేది. పొర బాగుంటే ఫ్లోరైడ్‌లో నూటికి 90 వంతులు, అంతకంటే ఎక్కువ కూడా తీసేస్తుంది. అయితే ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు.

మొదటిది టీడీఎస్ మీటరు. ప్లాంటు మనిషి మీటరు ముంచి అంకె చూపించి నీళ్లు మంచివంటాడు. టీడీఎస్ అంటే నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి. అది వందల్లో ఉంటుంది, మనకు హాని చేసే ఫ్లోరైడ్ మూడో నాలుగో. టీడీఎస్ 400 ఉన్న బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 4 ఉండవచ్చు, 1500 ఉన్న ఉప్పు నీళ్లలో 0.5 ఉండవచ్చు. పొర పనిచేస్తోందా లేదా అని లోపలికి వెళ్లే నీటినీ బయటికి వచ్చే నీటినీ పోల్చుకోవడానికి ఆ మీటరు పనికొస్తుంది, ఫ్లోరైడ్ చెప్పడానికి కాదు.

రెండోది కలపడం. ఆర్వో నీళ్లు చప్పగా ఉన్నాయని రుచి కోసం కొంత పచ్చి నీళ్లు, అంటే శుద్ధి చేయని బోరు నీళ్లు, కలుపుతారు. ఇంట్లో పెట్టుకునే యంత్రాల్లో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర చేసేది కూడా అదే. బోరులో ఫ్లోరైడ్ 4, ఆర్వో దాటాక 0.3 అనుకుందాం. మూడో వంతు పచ్చి నీళ్లు కలిపితే ఫలితం 1.5 దాటుతుంది. డబ్బిచ్చి కొన్న నీళ్లే హద్దు దాటాయన్నమాట. ఫ్లోరైడ్ ఉన్న చోట ఆ మరను పూర్తిగా మూయించాలి.

మూడోది అన్నిటికంటే ఎక్కువగా జరిగేది. తాగడానికి క్యాను, వంటకు బోరు. కిలో బియ్యం వండటానికి రెండు లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. పప్పు, చారు, పులుసు, టీ అన్నీ కలిపితే అయిదుగురున్న ఇంట్లో రోజుకు అయిదు లీటర్లు వంట ద్వారానే కడుపులోకి పోతాయి. బోరులో 4 ఉంటే అది 20 మిల్లీగ్రాములు, మనిషికి 4. తాగే నీళ్లు ఎంత శుభ్రమైనా రోజూ ఆ నాలుగు చేరుతూనే ఉంటాయి. గంజి వార్చే ఇంట్లో కొంత పోతుంది, కుక్కరులో అత్తెసరు పెట్టే ఇంట్లో అదీ పోదు. క్యాను నీళ్లకు మారినా నొప్పులు తగ్గలేదన్న ఇళ్లలో ముందు చూడాల్సింది వంటగది. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు బోరు నీళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఫ్లోరైడ్ చర్మం గుండా చెప్పుకోదగ్గంతగా లోపలికి పోదు.

ఆర్వో యంత్రం వదిలే వృథా నీటి సంగతి కూడా తెలుసుకోవాలి. నూరు లీటర్లలో నలభై మంచి నీళ్లుగా వస్తే మిగతా అరవైలో ఫ్లోరైడ్ 4 నుంచి దాదాపు 6.5కు చేరుతుంది. ఆ నీళ్లు గేదెల తొట్టిలోకి వదిలితే వాటి పళ్లు, కాళ్లు పాడవుతాయి. గేదెకు వచ్చిన ఫ్లోరైడ్ పాలల్లోకి పెద్దగా రాదు కాబట్టి పాల గురించి భయం అక్కర్లేదు. తల్లిపాలు కూడా అంతే. తల్లి ఏ నీళ్లు తాగినా పాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. పాలపొడి బోరు నీళ్లలో కలిపి పట్టిన బిడ్డకే ముప్పు.

వాన నీళ్లు, సాగర్ నీళ్లు

మెట్ట ఊళ్లకు అన్నిటికంటే నమ్మకమైనది వాన నీరే అన్నది గట్టిగా చెప్పదగ్గ మాట. ఆకాశం నుంచి పడే నీటికి రాతితో సంబంధం లేదు. 30 చదరపు మీటర్ల సిమెంటు స్లాబు మీద ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిసి, అందులో అయిదింట నాలుగు వంతులు పట్టుకోగలిగితే 14,400 లీటర్లు. అయిదుగురికి తాగడానికీ వంటకీ మనిషికి 8 లీటర్ల చొప్పున రోజుకు 40 లీటర్లు వేసుకుంటే ఏడాదికి 14,600. లెక్క దాదాపు సరిపోయింది. వానలన్నీ కొన్ని నెలల్లోనే పడతాయి కాబట్టి తొట్టి పెద్దది కావాలి. అంత కట్టలేని వాళ్లు వంటకు మాత్రం సరిపడా కట్టుకున్నా మేలే. తొలి వాన స్లాబును కడిగిన నీళ్లు బయటికి వదిలేయాలి, గొట్టం మూతికి వల, తొట్టికి వెలుతురు దూరని మూత ఉండాలి. మూత సరిగా లేకపోతే ఫ్లోరైడ్ వదిలించుకుని డెంగీ దోమలను తెచ్చుకున్నట్టవుతుంది.

నది నీళ్లలో ఫ్లోరైడ్ మామూలుగా హద్దులోపే ఉంటుంది. రామతీర్థం జలాశయం నుంచి పైపుల్లో వచ్చే సాగర్ నీళ్లయినా, నల్లమల సొరంగాల గుండా వెలిగొండ ప్రాజెక్టు తేవాల్సిన శ్రీశైలం నీళ్లయినా ఈ మెట్టకు అందుకే ప్రాణాధారం. చిక్కు వచ్చేది సరఫరా తెగినప్పుడు. రెండు రోజులకో మూడు రోజులకో ఒకసారి కుళాయి వస్తే మధ్యలో జనం మళ్లీ బోరింగు దగ్గరికే వెళ్తారు. ఓవర్‌హెడ్ ట్యాంకులో బోరు నీళ్లు కలిపి వదిలితే కుళాయి నీళ్లన్న నమ్మకమే మిగులుతుంది. అందుకే ట్యాంకు దగ్గర కాకుండా ఇంటి కుళాయి దగ్గర పట్టిన నీళ్లను పరీక్ష చేయించాలి.

నీళ్లు పరీక్షకు ఎలా ఇవ్వాలి

సీసా గాజుది కాకూడదు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరపగలదు. అర లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. మోటారు అయిదు నిమిషాలు నడిపాక, అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించాలి. మీద ఊరు, బోరు గుర్తు, లోతు, తేదీ రాయాలి. గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటును అడిగితే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపే దారి చెబుతారు. పంచాయతీ దగ్గర కిట్ ఉంటే అక్కడే చూడవచ్చు. ద్రవం చుక్కలు వేస్తే ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపుకు తిరుగుతుంది. 1 నుంచి 2 మధ్య రంగులు కంటికి తేడా తెలియవు కాబట్టి అనుమానం ఉంటే ల్యాబుకే పంపాలి. ఒకసారి చేయించి చీటీ దాచుకుంటే సరిపోదు. వేసవి చివర మేలో ఒకసారి, వానలు ముగిశాక జనవరిలో ఒకసారి చేయిస్తే ఆ బోరు గుణం తెలుస్తుంది. చేతిపంపుకు ఎర్ర రంగు వేసి ఉంటే ఆ నీళ్లు తాగడానికి, వంటకు వాడకూడదని గుర్తు.

వచ్చాక తగ్గుతుందా

పళ్ల మచ్చలు మందులతో పోవు. దంత వైద్యులు బ్లీచింగ్, పూత, తొడుగులతో కప్పగలరు. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్, నీళ్లు మారిస్తే, ఏళ్ల మీద కొద్దికొద్దిగా బయటికి పోతుంది. నొప్పి, బిగువు చాలామందిలో నెమ్మదిస్తాయి. గట్టిపడిన బంధాలు, వంగిన వెన్ను తిరిగి రావు. ఫ్లోరైడ్‌ను కడిగేస్తామనే మందులకు డబ్బు పోయడం కంటే ఆ డబ్బు వంట నీళ్లకు పెట్టడం మేలు.

తిండిలో కాల్షియం, విటమిన్ సి పెరగాలి. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాని ఆనవాలు మాత్రమే. మధ్యాహ్నం రాగి సంగటి, పెరుగు, మునగాకు, నువ్వులు, ముళ్లతో తినే చిన్న చేపలు, ఉసిరి, జామ, మన నెల్లూరు నిమ్మకాయ ఇవన్నీ అందుబాటులో ఉన్నవే. బడి పిల్లల మీద జాతీయ పోషకాహార సంస్థ చేసిన ఒక పరిశీలనలో రోజుకు 10 గ్రాముల చింతపండు తీసుకున్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. పులుసు మంచిదే, కానీ ఆ పులుసు బోరు నీళ్లతో కాస్తే ఫలం లేదు. తేయాకులో ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది కాబట్టి రోజుకు అయిదారు టీలు తాగేవాళ్లు తగ్గించుకోవాలి. నల్ల ఉప్పు మానాలి. మామూలు టూత్‌పేస్టు గ్రాములో 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉంటుంది. ఉమ్మేసే పెద్దవాళ్లకు దాంతో ఇబ్బంది లేదు. మింగేసే చిన్నపిల్లలకు ఫ్లోరైడ్ ఊళ్లలో అది లేని పేస్టే ఇవ్వాలి.

వంగిన కాళ్లున్న పిల్లలను ఎదిగితే అదే సర్దుకుంటుందని వదిలేయకూడదు. ఎముకలు ఎదిగే వయసులోనే కాల్షియం, విటమిన్ డి, అవసరమైతే పట్టీలు, శస్త్రచికిత్సతో చాలావరకు సరిచేయవచ్చు. పెద్దవాళ్లలో నడక తూలడం, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం, మూత్రం పట్టు తప్పడం కనిపిస్తే వెన్నుపాము నలుగుతోందని అర్థం. నొప్పి మాత్రలతో ఆగకుండా అదే వారంలో ఒంగోలులోనో నెల్లూరులోనో ఎంఆర్‌ఐ ఉన్న పెద్దాసుపత్రిలో నరాల వైద్యులకు చూపించాలి. ఒత్తిడి తొలగించే శస్త్రచికిత్స ఆ దశలో చేస్తే కాళ్లు నిలబడే అవకాశం ఉంటుంది, నెలలు గడిచాక ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది.